గౌరి టీచర్ నాలుగు మైళ్ళు

రేపల్లె దగ్గర ఓ హైస్కూల్లో గౌరి టీచర్ ఇరవై ఎనిమిదేళ్ళు సోషల్ పాఠాలు చెప్పింది. అందులో ఏటా రెండు వారాలు రోమ్ నగరానివే. గోడ మ్యాపు మీద బెత్తంతో ఆ ఊరి వీధులు పిల్లలకు చూపించడమే తప్ప తను చూసింది లేదు. రిటైరయ్యాక మిషిగన్‌లోని ట్రాయ్‌లో కూతురు శశికళ దగ్గర ఆరు నెలలుండి, 1984 మే నెల మొదట్లో తిరుగు ప్రయాణం పెట్టుకుంది. టిక్కెట్టు చూస్తే విమానం పొద్దున్నే రోమ్‌లో దింపుతుంది, తర్వాతి విమానం రాత్రికి గానీ లేదు.

"ఆ పగలంతా నేనొక్కదాన్నే ఊళ్ళో నడుస్తానే," అంది కూతురితో.

"ఒక్కదానివా! మోకాలు పట్టేస్తే అక్కడ నీకు దిక్కెవరమ్మా?"

తల్లీకూతుళ్ళ మధ్య అల్లుడు దామోదర్ ఓ రాజీ కుదిర్చాడు. "అత్తయ్యగారూ, ఇక్కణ్ణించి లైబ్రరీకి వెళ్ళి రావడం నాలుగు మైళ్ళు. మీరొక్కరే నడిచి చూపించండి. శుక్రవారం లీవ్ పెట్టి, ఇటలీ కాన్సులేట్‌కి డ్రైవ్ చేసి మీ వీసా పేపర్స్ నేనిచ్చొస్తాను. లేదంటే ఎయిర్‌పోర్టులోనే కూర్చోవాలి మరి."

సోమవారం పూజ ముగించుకుని, చీర మీద కూతురి కోటు తొడుక్కుని, కాన్వాసు బూట్లతో గౌరి టీచర్ బయల్దేరింది. అర మైలు నడిచిందో లేదో పక్కన ట్రక్కు ఆగింది. ఓ ముసలాయన అద్దం దించి, "ఏమ్మా, కారు చెడిపోయిందా? ఎక్కండి," అన్నాడు. వద్దంటే ఆయన మొహం చిన్నబోయింది. ఎదుటి మనిషి మంచితనాన్ని తోసెయ్యడం ఆవిడకు చేతకాదు. ఎక్కింది. ఆయన సీటు దులిపి మరీ కూర్చోబెట్టి, తిరిగి తీసుకొచ్చి ఇంటి ముందు దింపాడు.

మంగళవారం వేరే దారి పట్టింది. ఈసారి చర్చి వ్యాను. అందులో ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చుని ఆవిడకు చోటిచ్చారు, దిగేటప్పుడు అరటిపండు చేతిలో పెట్టారు. ఆ పండుతోనే దేవుడి పటం ముందు నిలబడి, "స్వామీ, కాళ్ళిచ్చావు, ఓపికిచ్చావు. మళ్ళీ ఈ కార్లెందుకయ్యా నా మీదికి తోలుతున్నావు?" అని విసుక్కుంది.

బుధవారం తల వంచుకుని, రోడ్డు పక్క గడ్డిలోంచి నడిచింది. ఆ రోడ్డుకు కాలిబాట లేదు. వెనకాల దీపాలు తిప్పుకుంటూ పోలీసు కారొచ్చి ఆగింది.

"ఎక్కడికి వెళ్తున్నారమ్మా?" అని పోలీసతను టోపీ తీసి మర్యాదగా అడిగాడు.

"రోమ్‌కి!" అంది, మూడు రోజుల చిరాకంతా గొంతులో పెట్టుకుని.

పది నిమిషాల్లో పోలీసు కారు ఇంటి ముందుంది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు కిటికీల్లోకి వచ్చేశారు.

"పోలీసుతో రోమ్ అన్నావా?" శశికళ తల పట్టుకుంది. "మతి తప్పిన ఆవిడ ఇంట్లోంచి వచ్చేసిందనుకున్నాడు. నాకెంత ఎంబరాసింగ్‌గా ఉందో తెలుసా?"

"నడుస్తున్నానంటే ఈ దేశంలో ఒక్కడూ నమ్మడేమే? నడవడం ఏమన్నా నేరమా?"

"నేరం కాదమ్మా. ఇక్కడ ఊరికే ఎవరూ నడవరు, అంతే."

"పక్కింటి మార్జీ రెండు పూటలా నడుస్తోందిగా?"

"ఆవిడ కుక్కని తిప్పుతుంది. అది వేరు."

గౌరి టీచర్ కిటికీలోంచి మార్జీ ఇంటివైపు చూసింది.

ఆవిడ పుట్టి బుద్ధెరిగాక కుక్కను ముట్టుకోలేదు. రేపల్లెలో వీధి కుక్క అరుగెక్కితే ఆ చోటంతా పసుపునీళ్ళు చల్లించే మనిషి. గురువారం పొద్దున్నే వెళ్ళి మార్జీ తలుపు తట్టి, కుక్కను తను తిప్పుకొస్తానంది. మార్జీ పొంగిపోయి, తన కుక్క డ్యూక్ మెడపట్టీ తాడు ఆవిడ చేతికిచ్చి, కోటు జేబులో రెండు బిస్కెట్లు కూడా వేసింది.

ఆ రోజు ఒక్క కారూ ఆగలేదు. సోమవారం నాటి ట్రక్కు ముసలాయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆగిందల్లా డ్యూకే, ప్రతి స్తంభం దగ్గరా.

"నడవరా నాయనా! ఎన్నిసార్లురా? మీ ఊరి లైబ్రరీ మూసేస్తారు!"

లైబ్రరీ దగ్గర దాన్ని బయట కట్టేస్తే, లోపలి అమ్మాయి గిన్నెలో దానికి నీళ్ళు తెచ్చిపెట్టింది. గౌరి టీచర్ శశికళ కార్డు మీద ఓ పుస్తకం తీసుకుని, తేదీ ముద్ర వేయించుకుని తిరుగుముఖం పట్టింది. ఇంటికొచ్చి తలారా స్నానం చేసి, పుస్తకం అల్లుడి ముందు పెట్టింది.

"కుక్కతో వెళ్తే ఒక్కదానివే వెళ్ళినట్టా?" అంది శశికళ.

"తోడుగా మనుషులు వద్దన్నాడు మీ ఆయన. కుక్క మాట ఎత్తలేదు."

దామోదర్ నవ్వాపుకుంటూ వీసా కాగితాలు బ్రీఫ్‌కేసులో సర్దుకున్నాడు.

రోమ్‌లో దిగింది మే ఒకటో తేదీన. ప్రాచీన రోమ్ శిథిలాల గేట్లన్నీ మూసి ఉన్నాయి. సెలవు. మధ్యాహ్నం నుంచి బస్సులు కూడా ఉండవని ఎవరో సైగలతో చెప్పారు. గౌరి టీచర్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. మే డే పాఠం కూడా ఏటా తనే చెప్పేది!

కంచె పట్టుకుని మొత్తం చుట్టూ తిరిగింది. పై రోడ్డు మీది నుంచి చూస్తే దూరంగా ఎండలో మూడు స్తంభాలు ఒక్క చోట నిలబడి ఉన్నాయి. బెత్తం వెయ్యిసార్లు ఆనిన చోటు. దండం పెట్టుకుంది.

అక్కణ్ణించి సందులు పట్టుకుని నడిచింది. ఒక మూల వీధి కొళాయి వంగి నీళ్ళు కారుస్తోంది. ఎలా తాగాలో తెలియక నిలబడితే, నల్ల గౌను వేసుకున్న ముసలమ్మ వచ్చి కొళాయి నోటికి వేలు అడ్డం పెట్టింది. పైన చిల్లులోంచి నీళ్ళు సన్నగా ఎగజిమ్మాయి. ఎంగిలి కాకుండా తాగే వీలు చూసి గౌరి టీచర్ మొహం విప్పారింది. కడుపునిండా తాగింది. అప్పుడా ముసలమ్మ, ఎదుటి కొండ మీదికెక్కితే ఊరంతా కనబడుతుందన్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పి చూపింది.

మెట్లు చాలా ఉన్నాయి. మోకాలు మధ్యలో రెండుసార్లు మొరాయించింది. గౌరి టీచర్ మెట్టు మీద చతికిలబడి దాన్ని తెలుగులో కడిగిపారేసి, మళ్ళీ లేచి ఎక్కసాగింది.