ఖద్రా సముద్రానికి పోసిన పాలు

మా గాబెస్ తీరంలో ఆటుకు నీళ్లు వెనక్కి పోయాక కొడవలితో ఇసుక గీరి ఆల్చిప్పలు ఏరడంలో హనియ్యాకు సాటి లేరు. పక్కన ఏరేదాన్ని, నేను చెబుతున్నాను.

అలాంటి పిల్లకు మూర్ఛలు పట్టుకున్నాయి, అదీ నీళ్లలో ఉన్నప్పుడే. "నీళ్లలో ఉండే భూతం, సముద్రపు జిన్ను చెంప పగలగొట్టింది" అన్నారు మావాళ్లు. తల్లి ఖద్రా నమ్మింది. మూర్ఛ వచ్చినప్పుడల్లా మర్నాడు ఎండవేళ కూతుర్ని సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టి, క్షమించమంటూ అలల్లో మేకపాలు పోసేది. నెలకోసారి వచ్చేది వారానికోసారి రాసాగింది. పాలు చాల్లేదనుకుని ఇంకా పెద్ద కుండ తెచ్చింది మహాతల్లి!

ఒకరోజు మోకాలి లోతు నీళ్లలో పడి హనియ్యా చావు తప్పించుకుంది. ఇక దాన్ని నీళ్లలోకి రానిచ్చేది లేదన్నారు మాతో ఏరే ఆడవాళ్లు.

"ఇంట్లో కూర్చోబెడితే మూర్ఛ లేకుండానే చస్తానక్కా" అంది నాతో. నాకు ఒళ్లు మండింది. తల్లినీ కూతుర్నీ పట్నం ఆసుపత్రికి లాక్కెళ్లాను.

పట్నం పోతున్నామని ఖద్రా కూతురి తలకు నూనె దట్టించింది. మెదడు తరంగాలు చూసే తీగలు జుట్టుకు అంటుకుంటేగా!

"పెళ్లికి తెచ్చావా పిన్నీ?" అని నర్సు నవ్వుతూ తల కడిగింది.

తర్వాత కళ్ల ముందు దీపం టపటపా మెరిపించారు. అప్పటిదాకా నెమ్మదిగా సాగిన గీతలు ఒక్కసారిగా ఎగసిపడ్డాయి.

"నీళ్లమీద ఎండ తళుకే నీకు పడంది. తళుకు ఎదురైతే ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసెయ్. మందు మాత్రం మానకు" అంది డాక్టరమ్మ.

ఖద్రా ముఖం పాలిపోయింది. "జిన్ను కాదు, నేనే ఆ తళుకుకు ఎదురుగా కూర్చోబెట్టాను" అని ఏడ్చింది.

మందుతో మూర్ఛలు తగ్గి, ఆగాయి. మళ్లీ పరీక్ష చేస్తే దీపానికి గీతలు ఎగసిపడలేదు. పక్కన మనిషి ఉంటే నీళ్లలోకి దిగవచ్చంది డాక్టరమ్మ. ఆడవాళ్లు ఇంకా నసుగుతుంటే ఖద్రా నడుం మీద చెయ్యి వేసింది.

"నా కూతురి తలకాయలో ఏముందో డాక్టరమ్మ చూసింది. మీ తలకాయల్లో ఏముందో ఎవరు చూశారే?"

ఆడవాళ్లు పక్కకు జరిగి దారిస్తే, హనియ్యా నా వెంట నీళ్లలోకి దిగింది.

ఎండెక్కి నీళ్లు తళుక్కుమన్నాయి. ఏరడం ఆపి దానివైపు చూశాను. హనియ్యా గడ్డి టోపీ కిందికి లాగి, వెలుగుకు వీపు తిప్పి, ఒక కన్ను అరచేత్తో మూసి, రెండో చేత్తో ఇసుక గీరుతూనే ఉంది. నాకంటే ముందు దాని బుట్టే నిండింది. కడుపున పుట్టిన బిడ్డైనా నాకు అంత గర్వం కలిగేది కాదు.

మేం ఒడ్డుకు వచ్చేసరికి ఖద్రా పాలకుండతో నిలబడి ఉంది.

"మళ్లీ సముద్రానికా?" అన్నాను.

"అది తాగింది చాల్లే" అని కుండ కూతురి చేతిలో పెట్టింది.