పేరు తెలియని పెద్దమనిషికి పెత్రమాస బియ్యం

మా ఫోర్‌మాన్ పోయాడు. పొద్దున డ్యూటీ బస్సు ఎక్కబోతూ మెట్టు మీదే కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని మా లేబర్ క్యాంపుకు ఫోన్ వచ్చింది. శవాన్ని వాళ్ళ ఫిలిప్పీన్స్‌కు పంపించారు. ఈ అరబ్బు దేశంలో, ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గదిలో అతను బోర్లించుకుని కూర్చునే పెయింటు బకెట్ మాత్రం ఉంది. దాని మీద ఇంకెవరైనా కూర్చుంటే నాకు కోపం వస్తుంది. వస్తే రానీ.

అతను వడ్రంగి. వెస్ట్ బేలో మీరు తలెత్తి చూసే బిల్డింగుల్లో కొన్నింటికి సెంట్రింగు చెక్కలు బిగించింది మేము, దగ్గరుండి బిగింపజేసింది అతను. కాంక్రీటు పోసే ముందు ప్రతి చెక్కనూ వేళ్ళ కణుపులతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. నన్ను ‘కుయా’ అనేవాడు. వాళ్ళ భాషలో అన్న అని. నేను తమ్మీ అనేవాణ్ణి. నిజామాబాద్ వాళ్ళతో ఏళ్ళ తరబడి తిరిగి మా మాటే మాట్లాడేవాడు. మూడు పూటలా అన్నమే తినేవాడు. రొట్టె తినేవాళ్ళను చూసి జాలిపడేవాడు.

శుక్రవారం సెలవు. ఎండుచేపలు వేయించుకుని మా గదికి వచ్చి వాళ్ళ దేశం ముచ్చట్లు చెప్పేవాడు. స్పెయిన్ దొరలు మూడు వందల ఏళ్ళకు పైగా వాళ్ళను ఏలారట. ఓడలు కట్టడానికి కొండల మీద చెట్లు నరికించి, దుంగలను మనుషులతోనే లాగించారట. అలా పట్టుకుపోయిన వాళ్ళలో ఎందరో మళ్ళీ ఇల్లు చూడలేదట. వెట్టి అంటే ఏమిటో నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా తాతలు చేసినవాళ్ళే.

"మా దేశం పేరు గూడ వాళ్ళ రాజు పేరే, కుయా."

"ఆ రాజు ఎన్నడన్న మీ తాన్కి వచ్చిండా?"

"రాలే."

"చూడని ఊరికి పేరు పెట్టిండా? మొగోడే!"

నవ్వీ నవ్వీ అతనికి పొలమారింది.

దేవుణ్ణి కూడా వాళ్ళే తెచ్చారు కదా, మరి ఎందుకు మొక్కుతావని ఒకసారి మొహం మీదే అడిగాను. "తెచ్చినోళ్ళు పోయిండ్రు. ఆయన మాతోనే ఉండిపోయిండు. ఇప్పుడు మావోడే" అన్నాడు.

పెత్రమాస నాడు మాత్రం నవ్వేవాడు కాదు. భాద్రపద అమావాస్యకు మేం చనిపోయిన పెద్దలకు బియ్యం ఇస్తాం. ఇక్కడ అయ్యగారు దొరకడు. నేనే నువ్వులు, నీళ్ళు వదిలి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు పిలుస్తాను. ఇంటిపేరుతో సహా, గట్టిగా. అతను తలుపు దగ్గర టోపీ తీసి నిలబడి వినేవాడు.

"నీ పెద్దల పేర్లు గూడ చెప్పరాదూ, తమ్మీ" అన్నాను ఒక ఏడు.

తండ్రి పేరు చెప్పాడు, తాత పేరు చెప్పాడు, ఇంకా పైవాళ్ళవీ చెప్పి ఆగిపోయాడు. పన్నులు వసూలు చేసుకునే వీలు కోసం దొరలు ఊరూరా కొత్త ఇంటిపేర్లు పంచారట. అతని ఊళ్ళో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయట.

"ఇవన్నీ వాళ్ళిచ్చిన పేర్లు. అంతకు ముందటి పెద్దమనిషిని ఏమని పిల్వాలె, కుయా? పిల్వకపోతే ఎట్ల వస్తడు?"



అతను పోయాక వచ్చిన ఈ పెత్రమాసకు అతనికీ బియ్యం ఇస్తానన్నాను. పక్క మంచం కామారెడ్డి పిలగాడు వెంటనే అందుకున్నాడు.

"ఆయన కిరస్తానీ గదా, మామా! మన బియ్యం ముడుతయా?"

"మూడు పూటల అన్నం తిన్నోడురా. ఎందుకు ముట్టయి?"

"మరి పై పెద్దల పేర్లు? పేరు లేకుంట ఎవరిని పిలుస్తవ్?"

అదే నన్ను పీకింది. పోయినవాణ్ణి కలుపుకోవడానికి ముందుపోయిన పెద్దలు ఎదురు రావాలి. రాకపోతే నా తమ్ముడు అక్కడ కూడా పరాయి దేశంలో ఉన్నట్టే.

బియ్యం, నువ్వులు మూట కట్టుకుని, బస్సెక్కి సముద్రం ఒడ్డున ఉన్న అల్ ఖోర్ పోయాను. మోకాళ్ళ లోతు సముద్రంలో నిలబడి, బియ్యం, నువ్వులు నీళ్ళలో వదులుతూ అతని పేరు పిలిచాను. తండ్రిని, తాతను, తెలిసినంత వరకు పిలిచాను. అక్కడ ఆగలేదు.

"అయ్యా, నీ పేరు గుంజుకున్నరు. నాకు దొరకలే. నీ పిలగాడు ఒచ్చిండు, తోల్కపో" అన్నాను.

మీరు నవ్వితే నవ్వండి.

సముద్రం నీళ్ళు వెనక్కి పోతున్న వేళ అది. బియ్యం మునిగిపోయాయి. నువ్వులు మాత్రం తేలుతూ, నల్లగా, గుంపుగా తూర్పుకు, వాళ్ళ దేశం ఉన్న దిక్కుకు సాగాయి. కనబడినంత సేపు చూశాను. కనబడకుండా పోయాక కూడా అటే చూస్తూ నిలబడ్డాను.