సన్మానం తరవాత సాక్ష్యం

ఎనభైల మొదట్లో రాజోలులో మాకొక హక్కుల సంఘం ఉండేది. సంఘమంటే ఒక ప్లీడరుగారు, కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నేను, మేం ఏం చెప్పినా తలూపే మరికొందరు.

ఆ రోజుల్లో కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే కుర్రాడొకడు పోలీసు లాకప్పులో చనిపోయాడు. కాయలు దొంగిలించాడని ఒక రైతు ఫిర్యాదు చేస్తే పట్టుకెళ్ళారు. మర్నాడు గుండె ఆగిపోయిందన్నారు. వాడికి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిడ వేలిముద్రతో మేం కలెక్టరుకి అర్జీ పెట్టాం, మంత్రికి మహజరు ఇచ్చాం, హైకోర్టుకి టెలిగ్రాం కొట్టాం. అన్నీ అందాయని అందరూ జవాబిచ్చారు.

ఇక జెనీవాయే దిక్కన్నారు ప్లీడరుగారు. అక్కడ ఐక్యరాజ్యసమితి వాళ్ళు మానవహక్కుల మీద సమావేశాలు జరుపుతారు. వాటికి నివేదికలు సమర్పించే ఒక విదేశీ సంస్థకి నేను రాశాను. పత్రికల కత్తిరింపులు పనికిరావనీ, బాధితుల మాట స్వయంగా వినాలనీ వాళ్ళు జవాబు రాశారు. మన దేశంలో తిరుగుతున్న వాళ్ళ ప్రతినిధి ఒక పూట వచ్చి వెళతాడన్నారు.

"జెనీవా మనింటికే వస్తోందండీ" అన్నారు ప్లీడరుగారు.

ఆ ప్రతినిధి నరసాపురంలో రైలు దిగి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవుకి వచ్చాడు. సాయంత్రం ఆఖరి పంటుకి తిరిగి వెళ్ళిపోవాలి. ఆ సంగతి మాకు ముందే తెలుసు. మర్యాదల్లో పడి మరిచిపోయాం.

వచ్చింది సాక్ష్యం కోసమే అయినా, వచ్చినవాడు అతిథి. రేవులోనే బొండాలు కొట్టించాం. ఇంటికి రాగానే టిఫిను పెట్టాం. తరవాత హైస్కూలు ఆవరణలో సభ చేసి శాలువా కప్పాం. స్వాగతోపన్యాసం నాది. మానవహక్కులు ఎలా పుట్టాయో, వాటి కోసమే జీతం తీసుకుంటున్న మనిషికి మొదటినుంచీ వివరించాను. ఆయన మధ్యలో ఒకసారి వాచీ చూసుకున్నాడు. ఆసక్తి పెరిగిందనుకున్నాను.

సభ అయ్యాక, ఆ తల్లి ఎక్కడుందని అడిగాడు. ప్లీడరుగారు నొచ్చుకున్నారు.

"భోంచెయ్యకుండానే? కడుపు మాడ్చుకుని హక్కులేం వింటారండీ! ఆత్రేయపురం మనిషిని పంపి పూతరేకులు తెప్పించేనని చెప్పండి."

చెప్పాను. కాగితంలాంటి ఆ రేకు కుండ మీద ఎలా తీస్తారో కూడా చెప్పాను. ఆ రోజు నేను పూర్తిగా అనువదించింది అదొక్కటే.

ఆవిడ పొద్దుటినుంచీ ప్లీడరుగారి అరుగు మీదే కూర్చుని ఉంది. ఆవిడకి అన్నం పెట్టారో లేదో నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే పెట్టలేదనే. ఆవిడని లోపలికి పిలిచేసరికి, పంటు వెళ్ళిపోతుందని బయట కారు డ్రైవరు హారను కొడుతున్నాడు.

ఆవిడ తొందరపడలేదు.

"నా కొడుకు దొంగ కాదండి. ఆ పొద్దున్న రైతుగారే మా గుమ్మంలోకొచ్చి, దింపు తియ్యాలి రారా అని పిలిచేరండి. నేను చెవులారా విన్నానండి. కూలి కాడ మాటా మాటా వచ్చిందండి. సాయంత్రానికి దొంగన్నారండి. శవాన్ని మొహం వరకే చూపించేరండి. దుప్పటి తియ్యనివ్వలేదండి. నాకు ఇంకేం అక్కర్లేదండి. ఆడు దొంగ కాదని ఈ దొరగారు రాస్తే చాలండి."

నేను ఇంగ్లీషులో, ఆరోగ్యంగా ఉన్న కొడుకుని పోలీసులు తీసుకెళ్ళారనీ, శవాన్ని సరిగ్గా చూడనివ్వలేదనీ, ఈమె న్యాయం కోరుతోందనీ చెప్పాను.

"చాలాసేపు మాట్లాడిందే, అంతేనా?" అన్నాడాయన.

"అంతే" అన్నాను.

పంటు తొందర నిజమే. కానీ అసలు కారణం అది కాదు. కూలి తగాదా, కొబ్బరికాయలు జెనీవా దాకా తీసుకెళ్ళేంతటి విషయాలు కావనుకున్నాను. దొంగకైనా హక్కులుంటాయన్నది నా సిద్ధాంతం. సిద్ధాంతంలో తప్పు లేదు. ఆవిడ అడిగింది అది కాదు.

మరుసటి ఏడు నివేదిక అచ్చయి వచ్చింది. మా సంగతి ఒక పేరా ఉంది. ప్లీడరుగారు మిఠాయిలు పంచారు. ఆవిడ కబురు విని మా ఇంటికి వచ్చింది.

"మావోడు దొంగ కాదని రాసేరా మాస్టారండీ?"

ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. కొబ్బరికాయల దొంగతనం కేసులో అరెస్టయిన యువకుడు లాకప్పులో మరణించాడు, తల్లి న్యాయం కోరుతోంది.

"అంటే ఇక్కడ పోలీసోళ్ళన్న మాటే అక్కడా అచ్చేసేరా అండీ?"

"నువ్వు చెప్పింది నేను ఆయనకి చెప్పలేదమ్మా."

"తెలుసండి. నేను అంతసేపు చెబితే మీరు రెండు ముక్కల్లో తేల్చేసేరు. ఇంగిలీసు పొట్టిగా ఉంటాది కామోసనుకున్నానండి."

వెక్కిరింపు కాదు. నిజంగానే అలా అనుకుందట.

మళ్ళీ మొదటినుంచీ చెప్పమన్నాను. ఈసారి తెలుగులోనే రాసి, చదివి వినిపించాను. 'పిలిపించారు' అని రాస్తే, "పిలిపించలేదండి, ఆయనే వచ్చేరు" అని దిద్దింది. దాన్నంతా ఏదీ వదలకుండా ఇంగ్లీషు చేసి, నా తప్పు కూడా రాసి పంపాను. అచ్చయిన నివేదికని మార్చలేమనీ, ఆమె వాంగ్మూలాన్ని ఫైలులో చేర్చామనీ జవాబు వచ్చింది. అది పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"ఆ ఫైలు ఎవరైనా చదువుతారా అండీ?"

"ఎవరైనా అడిగితే తీస్తారమ్మా."

"అయితే మీరు అడగండి."

"ఆయ్, అడుగుతాను" అన్నాను.