నాగమల్లి పూస్తే రాయమ్మాయ్

మా తోటని ఊళ్ళో పిచ్చి తోట అనేవారు. ఉయ్యూరు దగ్గర కాలవ గట్టున, చుట్టూ చెరుకు, మధ్యన మా చెట్లు. కోసి అమ్ముకునే కాయ ఒక్కదానికీ లేదు. మా ఆయన ఏ ఊరు వెళ్ళినా ఒక మొక్కో గుప్పెడు విత్తనాలో తెచ్చి పాతేవారు. పొన్న, పొగడ, కడిమి, రుద్రాక్ష, ఇంకా నా నోరు తిరగని పేర్లవి ఎన్నో. చివరగా పాతింది నాగమల్లి. అది నడుమెత్తు అయిందో లేదో, తొంభైల మొదట్లో, ఆయన పోయారు. మాకు పిల్లల్లేరు. చెట్లు మిగిలాయి.

ఆ భూమి ఇద్దరన్నదమ్ములది, పంపకాలు కాలేదు. మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, విజయవాడలో బట్టల కొట్టు నడిపేవారు. తోట ఖర్చు సగం ఆయనది, ఆలనాపాలనా మాది. అన్నదమ్ములిద్దరూ ఆ సంగతులన్నీ ఉత్తరాల్లోనే మాట్లాడుకునేవారు. మా ఆయన పోయాక ఆ ఉత్తరాలు నా పేరున రావడం మొదలైంది. నాకు చదువు లేదు. పోస్టుమాను గడపలో కూర్చుని చదివేవాడు, నేను చెప్పింది రాసేవాడు. కానీ నేను చెప్పింది చెప్పినట్టు రాసేవాడు కాదు.

"అట్లా రాస్తే బాగోదండీ పిన్నిగారూ, పెద్దాయన కదా," అనేవాడు.

"పెద్దాయనైతే నీళ్ళ మోటారు కాలలేదా?"

"కాలిందనుకోండి. 'మోటారుకి కొంచెం నలతగా ఉంది' అని రాశాను."

ఆ నలత వినీ వినీ విసుగెత్తి, మా వీధి అరుగు మీద పెట్టిన పెద్దవాళ్ళ బడికి పోయాను. అప్పటికి నా జుట్టు సగం తెల్లబడింది. పలక పట్టుకుంటే ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. నా చేత్తో రాసిన మొదటి ఉత్తరం ఇది: 'బావగారికి నమస్కారం. మోటారు కాలింది. పొన్నకి చీడ పట్టింది. మనిషిని పంపండి. లేకపోతే మీరే వచ్చి బిందెలతో మోయండి.'

జవాబు వెంటనే వచ్చింది. 'అమ్మాయ్, నీ ఉత్తరం చదివి మీ అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. మనిషిని పంపుతున్నాను. నా నడుం బిందెలకి పనికిరాదు.'

ఒక సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో తమ్ముడి భార్య బావగారి ఎదటికి రాదు, నోరెత్తి మాట్లాడదు. పెళ్ళయి ఆ ఇంట అడుగుపెట్టిన నాటినుంచీ నేనాయన ముఖం తిన్నగా చూసింది లేదు. ఆయన తోటకి వస్తే నేను తలుపు వెనక. మధ్యన మా తోడికోడలు, అక్క.

"నాగమల్లికి ఎరువేశారా అని అడుగు," అనేవారాయన గోడకేసి చూస్తూ.

"వేశామని చెప్పక్కా. కొట్లో కూర్చుంటే చెట్టు సంగతి ఏం తెలుస్తుందని కూడా చెప్పు."

"నేను చెప్పను బాబూ," అనేది అక్క. "కాయితం మీద కోడిపుంజుల్లా పొడుచుకుంటారు, ఎదటపడితే నేను మైకునా మీ ఇద్దరికీ?"

కాగితం మీద మాత్రం మాకు ఏ తలుపూ అడ్డం లేదు. కాలవ కట్టేశారనీ, పక్క చేలో చెరుకు ఆకు తగలబెడితే సెగకి కడిమి మాడిందనీ రాసేదాన్ని. ఆయన మొదట్లో ఖర్చు గురించే రాసేవారు. తర్వాత తర్వాత పొగడ పూలు రాలుతున్నాయా, వాసన ఇంట్లోకి వస్తోందా అని అడిగేవారు. ఒకసారి, తమ్ముడు బతికుండగా ఈ చెట్లు సరిగ్గా చూడలేదమ్మాయ్ అని రాశారు. దానికి నేను, ఇప్పుడు చూడండి, ఎవరొద్దన్నారు అని రాశాను.

ఇంతలో పొలాలు ప్లాట్లవడం మొదలైంది. ఆయన కొడుకులిద్దరూ వచ్చి తోట చుట్టూ తిరిగి వెళ్ళారు. చెట్లకేసి ఒక్కసారి కూడా తలెత్తలేదు, నేలకేసే చూశారు. నాకు భయమేసింది. బావగారికి సూటిగానే రాశాను: 'మీ తర్వాత మీ సగం నిలవదు. తోట తోటగా ఉండాలని ఇప్పుడే రాసి పెట్టండి.'

చాలా రోజులకి జవాబు వచ్చింది. 'కొడుకులతో మాట్లాడాలి, కొంచెం ఓపిక పట్టు. తమ్ముడు చివరగా పాతిన నాగమల్లి పూస్తే రాయమ్మాయ్. ఆ రోజు వస్తాను. దాని కిందే కూర్చుని రాసిస్తాను.'

అది పూయడానికి ఏళ్ళు పట్టింది. ఒక ఎండాకాలం పొద్దున మానుకే అంటిపెట్టుకుని ఎర్రటి పూలు విచ్చాయి. ఆ పూటే రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. అప్పుడు అక్క కబురు పంపింది. పక్షవాతం, కుడిచెయ్యి పడిపోయింది, మాట లేదు అని.

బయల్దేరుతుంటే పోస్టుమాను నా చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టాడు. ఇంకు పాడ్.

"పెద్దాయన వేలిముద్ర చాలండి పిన్నిగారూ. కాయితం నేను రాసిస్తాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు."

వాడు చెప్పింది నిజమే. అయినా డబ్బా తిరిగి ఇచ్చేశాను. నేను సగం ఆయుష్షు వేలిముద్ర మనిషిని. కాగితంలో ఏముందో తెలియకుండా నా వేలు పట్టుకుని ఎంతమంది నొక్కించుకున్నారో నాకు తెలుసు. నాకు అన్నేసి ఉత్తరాలు రాసిన చేతిని పట్టుకుని ఆ పని చేయలేను. స్టీలు డబ్బాలో పూలు పెట్టుకుని బస్సెక్కాను.

విజయవాడలో వాళ్ళింట్లో అలవాటు కొద్దీ తలుపు వెనకే నిలబడ్డాను. కొడుకులిద్దరూ మంచం పక్కనే ఉన్నారు.

"పిన్నీ, ఇప్పుడు ఆస్తి మాటలొద్దు," అన్నాడు పెద్దవాడు.

"ఎవరెత్తార్రా?" అంది అక్క. నాకేసి తిరిగి, "ఇంకా ఎందుకే తలుపు చాటు? లోపలికి రా," అంది.

వెళ్ళాను. ఆయన ముఖం అప్పుడు చూశాను. అచ్చం మా ఆయన ముక్కే. ఇన్నేళ్ళూ నాకది తెలియదు.

"బావగారూ, నాగమల్లి పూసిందండీ," అన్నాను. నోటితో ఆయనతో అన్న మాట అదొక్కటే.

ఎడమచేతిలో పువ్వు పెట్టాను. ముక్కు దగ్గరికి తీసుకున్నారు. పెదాలు కదిలాయి. కళ్ళు తుడవడానికి అక్క వంగితే ఆయన తల పక్కకి తిప్పుకున్నారు. ఆ నెల దాటకుండానే పోయారు.

పంపకాల్లో సర్వే గొలుసు లాగి కొలిస్తే నాగమల్లి వాళ్ళ వైపు పడింది. వేలిముద్ర వేయించుకోకపోవడం తెలివితక్కువ అని ఊరంతా అంది. కావచ్చు.

వాళ్ళు దాన్ని నరికించిన రోజు అక్క వచ్చింది. కొడుకులకి అడ్డు చెప్పే నోరు ఆవిడకి లేదు. వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుంది, అంతే. రంపం చప్పుడు ఆగాక, "ఇంక నాకు మైకు పని లేదే," అంది.

మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే, కింద పడున్న మాను మీద రెండు మొగ్గలు విచ్చి ఉన్నాయి. ఈ సంగతి రాయాలి అనుకుంటూ ఇంటికి వచ్చి, పెట్టెలోంచి ఇన్‌లాండు కవరు తీశాను. 'బావగారికి నమస్కారం' అని రాశాక గుర్తొచ్చింది.