గురక ఆగిన పగలు

మా వీధివాళ్లకు నా గురక వినపడని పగలు ఉండేది కాదు. జమ్మలమడుగు అవతల సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి, కంపెనీ బస్సులో ప్రొద్దుటూరు వచ్చి, ఇంత తిని నడుం వాల్చానంటే మధ్యాహ్నం దాకా వీధంతా నాదే. కూరగాయల బండివాడు మైకు పెట్టుకుని వచ్చినా మా ఇంటి ముందు గొంతు చించుకోవాల్సిందే. "మీ ఆయన మిల్లు ఆడిస్తాండాడు మే" అని పక్కింటి చిన్నమ్మ నా భార్యను ఆటపట్టించేది.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది. కానీ అంత మిల్లు ఆడించి లేచినా నాకు నిద్ర తీరేది కాదు. తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా, ఎవరు పలకరించినా కొట్టాలన్నంత కోపంగా ఉండేది. సున్నపురాయిని కాల్చే పెద్ద కొలిమిని కంట్రోల్ రూమ్‌లో కూర్చుని తెరల మీద చూస్తూ నడిపించడం నా పని. వేడి కాస్త అటూ ఇటూ అయినా ముందు నాకే తెలియాలి. ప్యాకింగులో బస్తాలతో మొదలుపెట్టి, చదువుకుని, పరీక్ష రాసి ఆ కుర్చీ దాకా వచ్చినవాణ్ని. అలాంటి కుర్చీలోనే కునుకు పట్టడం మొదలైంది. ఒకసారి అలారం మోగుతున్నా నాకు తెలియలేదు. పక్కవాడు పరుగెత్తుకొచ్చి సర్దాడు.

మా షిఫ్టు ఇన్‌ఛార్జి మంచివాడే గానీ మాట దాచుకోడు. "చూడప్పా, ఇంకొక తూరి కునికినావంటే మళ్లా ప్యాకింగుకే పంపిస్తా. నాకూ పైనోళ్లుండారు" అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది.

ప్రొద్దుటూరులో డాక్టరు పరీక్ష చేయించాడు. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందని, సీపాప్ మిషను పెట్టుకోవాలని చెప్పాడు. అది ఆక్సిజన్ కాదు. మామూలు గాలినే కాస్త ఒత్తిడితో గొట్టం గుండా ముక్కులోకి పంపిస్తుంది, గొంతు మూసుకోకుండా చూస్తుంది, అంతే. పగలు పడుకున్నా సరే, పెట్టుకునే పడుకోవాలన్నాడు.

మిషను తెచ్చుకున్నాను గానీ ఎవరికీ చెప్పొద్దని నా భార్యకు గట్టిగా చెప్పాను. మగవాడు ముక్కుకు గొట్టం తగిలించుకుని పడుకుంటాడంటే వీధికి పండగే కదా! మొదట్లో దాంతో నాకూ పొసగలేదు. మా ఎండలకు మాస్కు కింద చెమట కారేది. పట్టీలు బుగ్గల మీద వాతలు వేసేవి. సగం నిద్రలో పీకి పారేసేవాణ్ని. నా భార్య ఓపికగా పట్టీలు సరిచేసి, చెవి పక్కన మెత్తటి గుడ్డ పెట్టి, "మామా, ఆ కుర్చీ కావాల్నంటే ఇది కావాల్సిందే" అనేది. ఆమె బడిలో టీచరు. పొద్దున నాకు మాస్కు తగిలించి బడికి పోయేది.

ఒకరోజు ఎలా పట్టిందో పట్టింది నిద్ర. కూలర్ కోసం కిటికీ తెరిచే ఉంది. మా వీధిలో పగటిపూట తలుపుకు గడియ వేసే అలవాటు ఎవరికీ లేదు. నేను మాత్రం ఈ లోకంలో లేను.

తర్వాత జరిగిందంతా వాళ్లూ వీళ్లూ చెప్పగా తెలిసింది. పక్కింటి చిన్నమ్మకు పొద్దున్నుంచి ఏదో వెలితిగా ఉందట. చివరికి తట్టింది, గురక లేదు! కిటికీలోంచి తొంగి చూస్తే మంచం మీద నేను వెల్లకిలా పడి ఉన్నాను. ముఖానికి మాస్కు, దానికో గొట్టం, పక్కన మిషను. ఉలుకూ పలుకూ లేదు. మనిషి బతికున్నాడనడానికి ఇన్నేళ్లూ ఆమెకు నా గురకే గుర్తు. అది ఆగిపోయిందంటే ఇంకేముంది? బడిలో ఉన్న నా భార్య ఫోన్ ఎత్తకపోయేసరికి, పులివెందులలో ఉన్న మా అత్తకు ఫోన్ చేసి, "వదినా, నీ అల్లునికి ఆక్సిజన్ పెట్టినారు, నువ్వు బిరబిరా రా" అని ఏడ్చిందట. మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పనిచేసే తన కొడుక్కీ చెప్పింది. అక్కడినుంచి ఇన్‌ఛార్జి చెవిన పడడానికి ఎంతసేపు?

మా వైపు మనిషికి బాగలేదంటే ఉత్త చేతులతో పోరు. బ్రెడ్డు ప్యాకెట్టో ఆపిల్ పండ్లో పట్టుకుని పోవాలి. మా అత్త జీపు నిండా మనుషుల్నీ, సంచుల నిండా పండ్లనూ వేసుకుని దిగింది.

నాకు మెలకువ వచ్చింది. కళ్లు తెరిచేముందే ఏదో కొత్తగా అనిపించింది. తల తేలికగా ఉంది. దిమ్ము లేదు. ఇలాంటి నిద్ర పెళ్లికాక ముందెప్పుడో పోయినట్టు గుర్తు. అంత సంతోషంగా కళ్లు తెరిస్తే మంచం చుట్టూ పులివెందుల! అత్త నా కాళ్ల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. దిండు పక్కన బ్రెడ్డు ప్యాకెట్లు పేర్చి ఉన్నాయి.

"ఏందత్తా?" అందామని నోరు తెరిచాను. మాస్కు ముక్కుకే కదా, నోరు తెరవగానే లోపలి గాలంతా బుస్సుమని బయటికి తన్నుకొచ్చింది.

"అయ్యో దేవుడా, ఆకరి ఊపిరి!" అని అత్త నా మీద పడిపోయింది.

నేను మాస్కు పీకేసి లేచి కూర్చున్నాను. నవ్వు ఆగలేదు. ఎంతకాలానికి అలా నవ్వానో! "నేను సావలేదత్తా, నిద్రపోయినా. శానా ఏండ్ల తర్వాత నిద్రపోయినా" అన్నాను. ఆమె నా ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "మరి సప్పుడేదీ?" అంది.

అంతలో ఇన్‌ఛార్జి ఫోన్. "నువ్వు రెస్టు తీసుకోప్పా, ఈ రాత్రికి నీ కుర్చీలో వేరేవాన్ని ఏసినా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఆ కుర్చీలో ఎవురినీ కూర్చోబెట్టొద్దు సార్. నేనొస్తాండా" అన్నాను.

నన్ను పలకరించడానికి తెచ్చిన ఆపిల్ పండ్లు ఒక సంచిలో పోసుకుని బస్సెక్కాను. నన్ను చూసి కంట్రోల్ రూమ్‌లో అందరూ లేచి నిలబడ్డారు. తలా ఒక పండు ఇచ్చాను. ఇన్‌ఛార్జి నా బుగ్గల మీది వాతలు చూసి నమ్మలేక, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. మధ్యలో కొలిమి వేడి మెల్లగా జారడం మొదలైంది. అలారం నోరు తెరవకముందే పట్టుకుని సర్దాను. ఆయన చేతిలోని పండు కొరికాడు. పొద్దున దిగిపోయేటప్పుడు మాత్రం, "ప్యాకింగు మాట మర్సిపో. ఈ కుర్చీ నీదే" అని భుజం తట్టాడు. బస్సులో ఒంటరిగా కూర్చుని కాసేపు ఏడ్చాను. గెలిచినవాడి ఏడుపు అది, దాచుకోవాలనిపించలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త ఇంకా పోలేదు. నా భార్య దగ్గర అన్నీ అడిగి నేర్చుకుని, గాలికి తడి ఉండాలని మిషనులో నీళ్లు పోసి సిద్ధం చేసింది. పట్టీలు తనే బిగించింది, చెవి పక్కన గుడ్డతో సహా. తర్వాత వీధి గడప మీద పోయి కూర్చుంది.

నాకు కళ్లు మూతలు పడుతున్నాయి. దూరంగా కూరగాయల మైకు మా సందులోకి తిరిగింది. అత్త గొంతు ఖంగున వినిపించింది.

"ఓరప్పా, ఆ మైకు ఆపు! గమ్మున పో. మా అల్లుడు సప్పుడు ల్యాకుండా నిద్రపోతాండాడు."