జయమ్మ కూర్చునే ఎత్తు

పర్వతాలు ఎడమ మోకాలు టేకు చట్రానికి ఆనించి, నవారు పట్టీని బిగలాగి, పెదవుల మధ్య పట్టుకున్న మేకుల్లో ఒకటి తీసి కొట్టాడు. పట్టీని వేలితో మీటి చూశాడు. బిగువుగా మోగింది. మేడ్చల్ పెద్దరోడ్డు మీద ఎన్ని లారీలు పోతున్నా ఆ చప్పుడు ఆయన చెవికి అందుతుంది.

మొదట్లో బస్సు సీట్లకు రెగ్జిన్ కుట్టేవాడు. సోఫా పని ఎవరూ నేర్పలేదు. జనం పారేసిన సోఫాలు తెచ్చుకుని, మేకులు ఊడదీసి లోపలేముందో చూసి, మళ్లీ అట్లాగే కూర్చి నేర్చుకున్నాడు. తొంభైల చివర్లో సొంతంగా కొట్టు పెట్టాడు.

ఆ రోజు గౌడవెల్లి నుంచి ప్రతాప్ తన తల్లి జయమ్మను జీపులో తీసుకొచ్చాడు. ప్రతాప్ కొత్త ఇల్లు కట్టాడు. సికింద్రాబాద్‌లో ఎవరింట్లోనో చూసిన సోఫాలాంటిది కావాలన్నాడు: గుండ్రటి చేతులు, లోతైన సీటు, కూర్చుంటే మనిషి మునిగిపోవాలి. జయమ్మ గోడు వేరు. మోకాళ్లు అరిగిపోయి, కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యందిస్తే తప్ప లేవలేదు. వచ్చినవాళ్ల ముందు అట్లా లేవాలంటే ఆమెకు నామోషీ. అందుకే మనుషులొచ్చారంటే వంటింట్లోకి పోయేది. కొత్త ఇంట్లోనైనా నలుగురి మధ్య కూర్చోవాలని ఆమె ఆశ.

పర్వతాలు బొమ్మల పుస్తకం తియ్యలేదు. కొట్లో ఉన్నవాటి మీద ఒక్కొక్కటిగా కూర్చుని చూడమన్నాడు. గుండ్రటి చేతుల సోఫాలో జయమ్మ నడుం దాకా దిగబడింది. చెరో చెయ్యి పట్టుకుని లేపారు.

"గిది సోఫానా, బాయినా? మోకు ఏసి గుంజాలె నన్ను" అంది. ప్రతాప్‌కు కూడా నవ్వాగలేదు.

ఎల్ ఆకారం సోఫాలో మూలన కూర్చుంటే పక్కవాళ్లంతా లేస్తే గాని బయటపడలేనంది. దివాన్ మీద కాలు ముడుచుకోను బాగుంది గాని, వీపుకు ఆసరా లేదు, పట్టుకు లేవడానికి చేతుల్లేవు. చివరికి చెక్క చేతులున్న గట్టి సీటు కుర్చీలో కూర్చుని, ఆ చేతులు పట్టుకుని తనంతట తాను లేచింది. ఆమె ముఖం విప్పారింది. ప్రతాప్ ముఖం మాడింది.

"దవాఖాన బెంచి లెక్కుంది అన్నా. ఊరోళ్లు నవ్వుతరు."

రెండు రకాలూ చేద్దామన్నాడు పర్వతాలు. వచ్చేపోయేవాళ్లకు మెత్తటి పెద్ద సోఫా. పెద్దమ్మకు చెక్క చేతుల కుర్చీ, కాలు పైకి ముడుచుకునేంత వెడల్పుగా. "అన్నిటికీ ఒక్కటే గుడ్డ తొడుగుత పటేలా. ఒక్కింటి పిల్లల్లెక్క కనబడతయ్." టేపు తీసి, నేల నుంచి జయమ్మ మోకాలి దాకా ఎత్తు కొలుచుకున్నాడు.

పని పూర్తయ్యాక గౌడవెల్లికి ట్రాలీలో తీసుకుపోయి హాల్లో సర్దాడు. జయమ్మ కుర్చీలో కూర్చుంది. లేవబోయింది. మడమలు నేలకు ఆనలేదు, వేళ్లు పాలరాతి మీద జారాయి. "మంచిగనే ఉంది బిడ్డా" అంటూ కొడుకు చెయ్యి కోసం చూసింది.

పర్వతాలు ఆమె పాదాలు చూశాడు. చెప్పుల్లేవు. కొట్లో ఎత్తు కొలిచిన రోజు ఆమె కాళ్లకు మందపాటి చెప్పులున్నాయి. సొంత ఇంట్లో చెప్పులతో ఎవరు కూర్చుంటారు? తనూ ఇప్పుడు గడప బయట విడిచే వచ్చాడు.

"తప్పు నాది పెద్దమ్మా. నిన్ను కొలవలే, నీ చెప్పులను కొలిసిన."

ప్రతాప్ ఏదో అనబోతే జయమ్మ కళ్లతోనే ఆపింది. పర్వతాలు కుర్చీని అరుగు మీద తలకిందులు చేశాడు. ఆమె చెప్పును కుర్చీ కోడు చివర ఆనించి, దాని మందానికి పెన్సిల్ గీత గీశాడు. మిగతా మూడు కోళ్లకూ అంతే. నిదానంగా కోసి, గరుకు కాగితంతో రుద్ది, కుర్చీ జారకుండా ప్రతి కోడు కిందా పల్చటి రబ్బరు ముక్క కొట్టాడు. నాలుగు కోళ్లూ సమంగా ఆనాయో లేదో ఒత్తి చూసి లోపలికి తెచ్చి పెట్టాడు.

జయమ్మ కూర్చుంది. పాదాలు నిండుగా నేలకానాయి. చెక్క చేతులు పట్టుకుని లేచింది. ఎవరివంకా చూడకుండా మళ్లీ కూర్చుంది. అప్పటికే ఇల్లు చూడడానికి ఊరివాళ్లు వాకిట్లోకి వస్తున్నారు.

"రానియ్యి ప్రతాప్" అంది. "చాయ్ ఈడికే తెమ్మను. నేనీడనే కూసుంట."

పర్వతాలు రంపం సంచిలో పెట్టుకుని, అరుగు మీద రాలిన పొట్టు ఎత్తేశాడు. సోఫాలకు తొడగ్గా మిగిలిన గుడ్డ ముక్కను, ఎప్పుడైనా చిరిగితే అతుకు వేసుకొమ్మని, జయమ్మ చేతికిచ్చి బయటికి నడిచాడు.