ఇద్దరు నడిపిన బండి

ఆ గోల్ఫ్ బండిని ఇంటికి తెచ్చింది నేనే. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీలో, సూట్లు వేసుకుని వచ్చే పెద్దమనుషులను షెడ్ల మధ్య తిప్పడానికి అది ఉండేది. సూట్లు రావడం తగ్గాక తుక్కులో పడింది. బ్యాటరీలు మార్పించి మేముండే నిమ్‌పురాకి తోలుకొచ్చాను. మా వీధిలో గోల్ఫ్ ఎవరూ ఎరగరు. రెండు రోజులు పిల్లలు వచ్చి ఐస్‌క్రీం అడిగారు. తాత ఎక్కి కూర్చున్నాక అడగడం మానేశారు.

తాత ముప్పై ఏళ్ళు రైలింజను నడిపాడు. రిటైరయ్యాక మోకాళ్ళు అరిగి, స్కూటరు వదిలేసి, రెండేళ్ళు మంచానికీ కుర్చీకీ మధ్య షటిల్ సర్వీసు చేశాడు. బండి వచ్చాక మళ్ళీ మనిషయ్యాడు. పొద్దున మందుల షాపు, కూరల బజారు, సాయంత్రం గుడి. అది లేకపోతే ఆయనకి గడప దాటే దారి లేదు. టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కొచ్చు కదా అంటే, ఒకడు తోలుతుంటే వెనక కూర్చునేది సామాను అనేవాడు.

పక్క సీటు అసిస్టెంటు తాతది. ఆయన తాత దగ్గర చాలాకాలం అసిస్టెంటు డ్రైవరుగా చేశాడు. ఇల్లు రెండు వీధుల అవతల. రోజూ పొద్దున్నే నడిచొచ్చి మా గుమ్మం దగ్గర బండెక్కేవాడు. రైలింజన్లో ఒక నియమం ఉందట. అసిస్టెంటు సిగ్నల్ చూసి పైకి చెప్పాలి, డ్రైవరు తనూ చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఆ నియమాన్ని వీళ్ళు మా వీధుల్లోకి తెచ్చారు.

“ఎడం పక్క ఆవు.”

“ఎడం పక్క ఆవు.”

“ముందల టోటో, ఆగుంది.”

“ముందల టోటో, ఆగుంది.”

“అప్పడాలావిడ.”

“ఏ పక్క?”

“నడి రోడ్డు, ఉస్తాదూ. ఎవులి మీదో అలిగినట్టుంది.”

వెనక టోటోవాళ్ళు హారన్ కొట్టి, “ఓ దాదూ, ఏక్టు జోరే,” అని బెంగాలీలో తొందర పెట్టేవాళ్ళు. వీధంతా నవ్వేది. ఇద్దరు ముసలివాళ్ళు ఇంజను ఆట ఆడుకుంటున్నారని అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మొన్న వానాకాలంలో అసిస్టెంటు తాత బాత్‌రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చినా మంచం దిగలేదు. అన్నాళ్ళూ తాత బండి తియ్యలేదు. ఒక ఆదివారం నన్ను పిలిచాడు.

“ఒరే, ఆడ్ని సూసొద్దాం రా. నువ్వు పక్కన కూకోని సెప్పు.”

“ఏటి సెప్పాలి తాతా?”

“కనబడిందల్లా సెప్పు.”

ఆ పని నాకు అప్పగించకూడదు. “కుడి పక్క మేస్టారు, లుంగీలో,” అన్నాను. “ఎడం పక్క మురుక్కాలవ, ఫుల్లు,” అన్నాను. తాత అన్నీ అంతే గంభీరంగా తిరిగి చెప్పాడు. మలుపు దాటాక రోడ్డు ఖాళీ. చెప్పడానికేమీ దొరక్క, “ముందల గేదె,” అన్నాను.

“ముందల గేదె,” అని తాత బ్రేకు వేశాడు.

బండి ఆగింది. ముందు రోడ్డు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు తిడతాడని ఆయన మొహం వైపు చూశాను. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, నేరుగా ముందుకి చూస్తూ, ఓపిగ్గా కూర్చున్నాడు.

“పోయిందేటిరా?” అన్నాడు కాసేపటికి.

నేను వేసిన జోకుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు.

“పోయింది,” అన్నాను. ఆయన “పోయింది” అని కాలు కదిపాడు.

“తాతా, బండి పక్కకి తీసి ఆపు. గేదె నేదు.”

ఆపాడు. రోడ్డు అంచు ఎంత దూరమో నన్నే అడిగి ఆపాడు.

“ఎప్పట్నించి?” అన్నాను.

“ఏడాది దాటింది. కంట్లో నరం ఎండిపోనాదంట. మందు నేదన్నారు.”

“అసిస్టెంటు తాతకి తెలుసా?”

“ఆడే కదా సూసీవోడు.”

“నేను కనబడతానా?”

“నల్లగా, నీడలాగ. ముకం తెలీదు.”

“అయితే నీకేం నష్టం నేదులే,” అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

సర్వీసంతా కంటి పరీక్షలో ఒక్కసారీ తప్పని మనిషి. ఎదురుగా ట్యూషన్ పిల్లలు సైకిళ్ళ మీద గుంపుగా వచ్చి మమ్మల్ని దాటి వెళ్ళారు. ఏడాదిగా వాళ్ళు రోజూ ఇలాగే దాటుతున్నారు. తాత ఆ గంటల చప్పుడు పూర్తిగా వెళ్ళిపోయేదాకా విన్నాడు.

“ఇంట్లో సెప్తావేటి?”

“సెప్పాల తాతా.”

“సెప్పాల,” అన్నాడు. దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి సీటు మీదే ఇటు జరిగాడు. నేను చుట్టూ తిరిగి వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నాను.

అసిస్టెంటు తాత మంచం కిటికీ పక్కనే వేశారు. బండి తోలుతూ వచ్చింది నేనని ఆయన అక్కణ్ణించే చూశాడు.

“ఉస్తాదూ, మెడికల్ తప్పినావా?” అన్నాడు, మేము లోపలికి రాగానే.

“తప్పినాన్రా.”

“ఎవులు పట్టుకున్నారు?”

“ఈడే. నేని గేదెని సూపించినాడు.”

అసిస్టెంటు తాత నా వైపు చూశాడు. “నానెప్పుడూ అబద్దం సెప్పనేదు ఉస్తాదూ,” అన్నాడు, తాతతో.

కోడలు తెచ్చిన టీ ఇద్దరూ తాగారు. తాతకి గ్లాసు చేతిలో పెట్టాల్సి వస్తుందని ఆ రోజే గమనించాను. లేచేటప్పుడు అసిస్టెంటు తాత, “మల్లీ ఎప్పుడొత్తావు?” అన్నాడు. తాత నేనున్న వైపు తల తిప్పాడు. నాకు వారానికి ఆరు రోజులు డ్యూటీ.

“ఆదివారం ఆదివారం తీసుకొస్తాను,” అన్నాను.

“వీక్లీ ఎక్స్‌ప్రెస్సా. పోన్లే, లేటు సెయ్యకు,” అన్నాడు అసిస్టెంటు తాత.

మూడు ఆదివారాలు తీసుకెళ్ళాను. నాలుగో ఆదివారం నాకు నిద్ర చాల్లేదు. పైవారం వెళ్దాం తాతా అన్నాను. అప్పటికే తయారై కూర్చున్న తాత సరేనని చెప్పులు విప్పేశాడు. బుధవారం అసిస్టెంటు తాత పోయాడు.

తాత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే, ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.